చూచువాని ఋణము

ఒక యూరిని చూచి వచ్చినవాడు ఆ యూరికి ఏమైన ఋణపడునా? ఈ ప్రశ్న మొదట వింతగా తోచవచ్చును. రైలుకు టిక్కెట్టు కొంటిమి, బసకు అద్దె యిచ్చితిమి, తిన్న యన్నమునకు సొమ్ము చెల్లించితిమి. ఇక మిగిలిన బాకీ యేమున్నదని చదువరులడుగవచ్చును. కంటితో చూచినంత మాత్రమున సముద్రము తరిగిపోవునా? ఇసుక తిన్నె అరిగిపోవునా? చూపునకు పన్ను లేదు గదా! లోకమున సాధారణముగ వినవచ్చు సమాధానమిదియే. మాకు మాత్రమిది చాలినట్లు తోపలేదు. చూపు కూడ ఒక విధమగు గ్రహణమే. చూచి వచ్చినవాడు వట్టిచేతులతో రాడు. ఒక యభిప్రాయమును మూటగట్టుకొని వచ్చును. ఆ మూటలోనిది నిజమా, అబద్ధమా యనునది ఆ యూరివారికి ఒక్కొక్కప్పుడు అన్నమంత ముఖ్యమైన విషయమగును.

పూర్వము మనవారు తీర్థయాత్రలకు పోయెడివారు. నేడు సెలవులు దొరకినంతనే కుటుంబ సమేతముగ సముద్రతీరమునకు పోవుచున్నారు. ఇది మంచి మార్పే. ఇంటి నాలుగు గోడల నడుమ కాలము గడపు స్త్రీలకును, పుస్తకములలో తప్ప సముద్రమును చూడని పిల్లలకును ఇట్టి ప్రయాణములు మేలు చేయును. కాని తిరిగి వచ్చినవారు చెప్పు మాటలలో ఒక మాట మమ్ము తరచుగ ఆలోచింపజేయుచున్నది. “ఎంత ప్రశాంతమైన పల్లెయో! అచ్చట కాలమే నిలిచిపోయినట్లున్నది” అని వారందురు. కాలము నిలిచిపోయిన పల్లె యెక్కడను లేదు. ఆకలి గల చోట కాలము నిలువదు. మరి ఆ ప్రశాంతత యెక్కడిది? దానిని తయారు చేసినవారెవరు? దాని ఖరీదెంత?

మేము గోదావరికి ఉత్తరపు టొడ్డున, మంచిర్యాలకు సమీపమున నున్న శ్రీరాంపూరు ప్రాంతమువారము. ఇది సింగరేణి బొగ్గుగనుల సీమ. ఇచ్చట రేయింబవళ్లు మూడు పాళ్లుగ పని జరుగును. మధ్యాహ్నవేళ కార్మికుల యిండ్ల వరుసల నుండి క్రొత్తవా డెవడైన నడచిపోయిన, ఆ వీథులు ఎంతో నిమ్మళముగ నున్నట్లు కనబడును. తలుపులు చేరవేసి యుండును. కుక్క కూడ మొరుగదు. ఆ క్రొత్తవాడు ఇది సోమరుల వాడయని తలచినను తలచవచ్చును, లేదా శాంతినిలయమని మెచ్చుకొనినను మెచ్చుకొనవచ్చును. రెండును తప్పే. ఆ తలుపుల వెనుక రాత్రి పాళి చేసి వచ్చినవారు నిద్రించుచున్నారు. ఆ నిద్ర చెడకుండుటకు తల్లులు పిల్లలను దూరముగ ఆడుకొనుటకు పంపుదురు. గిన్నెల చప్పుడు కాకుండ పని చేసికొందురు. వచ్చిన చుట్టముతో గుసగుసగ మాటలాడుదురు. కావున ఆ నిశ్శబ్దము దానంతట నది వచ్చినది కాదు. కొందరు స్త్రీలు దినదినము శ్రద్ధతో కాచి నిలుపుచున్న వస్తువది.

గనుల సీమలో బ్రదుకువారికి ఈ సంగతి బోధింప నక్కరలేదు. అయినను ఇట్టివారు కూడ సముద్రతీరమునకు పోయినప్పుడు, తమ వీథిలో నెరిగిన సత్యమును అక్కడి వీథిలో జ్ఞాపకము చేసికొనుట అరుదు. పరాయి యూరిలో మనమందరము క్రొత్తవారమే.

శ్రీకాకుళము జిల్లాలో ఎచ్చెర్ల ప్రాంతపు తీరమున మత్స్యలేశమను పేరుగల పల్లెలున్నవి. వానికి పొరుగున నున్న యొక చిన్న పల్లెకు మాఘమాసములో మేము కొందరము పోయితిమి. ప్రొద్దు బారెడెక్కినది. కొన్ని ఇంజను పడవలు ఇసుకమీదికి లాగబడి యున్నవి. ఒక పందిరి నీడను ఇద్దరు ముసలివారు వల బాగు చేయుచుండిరి. నెత్తళ్లు ఎండబోసిన చోట ఒక బాలిక కాకులను తోలుచుండెను. సముద్రపు హోరు తప్ప మరి యొక ధ్వని లేదు. మాతో వచ్చిన మిత్రులొకరు చేపలమ్మ వచ్చిన యొక పెద్దామెతో, “అమ్మా, మీ ఊరెంత ప్రశాంతముగ నున్నది!” అనిరి. ఆమె గంప దించి, కొంగుతో ముఖము తుడుచుకొని, “మగోళ్లు ఊర్లో నేరు బాబూ. సందడెక్కడి నుంచొస్తాది? ఎండాకాలం రండి. పెళ్లిళ్లయినా, గంగమ్మ పండుగయినా మావోళ్లొచ్చినాకే” అనెను.

ఈ జవాబులో నున్నంత వివరము పెద్ద నివేదికలలో నుండదు. శ్రీకాకుళము జిల్లా తీరము 190 కిలోమీటర్లకు మించినది. రాష్ట్రమున ఇంత పొడవైన తీరముగల జిల్లాలు అరుదు. అయినను ఈ పొడవునకు తగిన రేవు వసతి దానికి చిరకాలము లేకపోయినది. పెద్ద పడవ నిలుపుటకు రేవు లేనిచోట, అలలను చీల్చుకొని ఇసుకమీదికి లాగగలిగిన చిన్న పడవయే గతి. చిన్న పడవ లోతు సముద్రమునకు పోజాలదు. దగ్గరి నీటిలో దొరకు చేప అందరి పొట్టలకు చాలదు. కావున ఈ పల్లెల మగవారు ఏటేట శ్రావణ మాసపు ప్రాంతమున బయలుదేరి, దేశమునకు ఈ కొననుండి ఆ కొనకు, గుజరాతులోని వేరావల్ రేవునకు పోవుదురు. అచ్చట పరుల పడవలలో కూలికి చేరి, తండేలు చెప్పినట్లు పని చేసి, వేసవికి ఇల్లు చేరుదురు. తమ వాకిట సముద్రముండగా మరియొక సముద్రమునకు వలసపోవుట! ఇంతకన్న వింతయైన దుర్గతి వేరొకటి యుండునా?

ఆ వలసలో నున్న అపాయము 2018 నవంబరులో దేశమున కంతకు తెలిసినది. వేరావల్ నుండి వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సముద్రముమీద సరిహద్దు దాటిరని పాకిస్తాను వారిని పట్టుకొని కరాచీలో చెరబెట్టెను. నీటిమీద గీత గీయుట ప్రభుత్వములకు సులభము. దానిని చీకటిలో కనుగొనుట వలవానికి సులభము కాదు. వారిలో 20 మంది 2020 జనవరి 6వ తేదీన వాఘా సరిహద్దున విడుదలయిరి. అనగా రమారమి పదునాలుగు నెలలు ఆ యిండ్లలో మగదిక్కు లేదు. వారిని చెరపట్టుటకు ఒక నెల ముందే, 2018 అక్టోబరు 11వ తేదీన, తిత్లీ తుపాను అదే జిల్లా తీరమును దాటి కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. ఆ పదునాలుగు నెలలలో ఆ తీరమునకు పోయిన యాత్రికుడు కూడ ఇసుకను, అలలను, ఆరవేసిన వలలను చూచి “ఎంత ప్రశాంతము!” అనియే యుండును. ఏలయన నిరీక్షణకు చప్పుడుండదు.

వేసవిలో మరియొక విధమగు నిశ్శబ్దము వచ్చును. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి పొందుటకై తూర్పు తీరమున ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు ఇంజను పడవల వేట నిషేధింపబడును. చేతి తెడ్లతో నడచు నాటు పడవలకు మినహాయింపు గలదు. ఈ నిషేధము న్యాయమైనదే. దానివలన చివరకు మేలు పొందువాడు మత్స్యకారుడే. ప్రభుత్వము కొంత భృతియు నిచ్చును. కాని నేటి పస్తు వేరు, రేపటి లాభము వేరు. ఆ రెండు నెలలలో ఇండ్ల నిండ మనుష్యులు, ఒడ్డు నిండ పడవలు; చేతులకు మాత్రము పని లేదు. అప్పుడు పల్లెలో పెండ్లి సందడి వినబడును. సముద్రముమీద నిశ్శబ్దము కనబడును.

ఈ విధముగ పరిశీలించిన, మనము ఒక్క మాటతో ప్రశాంతమని పిలుచునది నిజముగ ఒక్క వస్తువు కాదని తెలియుచున్నది. తెల్లవారుజామున వేటకు పోయి వచ్చి అలసినవారి నిద్ర యొకటి. దూరదేశమునకు పోయినవారి లేమి యొకటి. చట్టము విధించిన విరామ మొకటి. తుపానునకు ముందును, తరువాతను ఉండు భయమొకటి. పైకి నాలుగును ఒక్కటే రంగు. శ్రీరాంపూరులో మధ్యాహ్నపు నిశ్శబ్దము ఇంట నున్నవానిని కాపాడు ప్రేమ. ఆ పల్లెలో మాఘమాసపు నిశ్శబ్దము ఇంట లేనివానికై యెదురుచూచు ప్రేమ. కన్ను ఈ భేదమును గుర్తింపలేదు. చెవి గుర్తింపగలదు; కాని అడిగి, ఓపికతో వినినప్పుడు మాత్రమే. శాంతి వేరు, నిశ్శబ్దము వేరు. ఆ పెద్దామెకు సందడియే శాంతి.

ఇచ్చట కొందరు న్యాయమైన ఆక్షేపణ చేయవచ్చును. “ఏడాది పొడవున పాటుపడిన గృహస్థు రెండు దినములు కడలి గాలి పీల్చుకొనుటకు పోయిన, అక్కడ కూడ లోకపు దుఃఖమంతయు తలకెత్తుకొనవలెనా? సౌందర్యమును చూచి సంతోషించుట పాపమా?” అని. పాపము కాదు. సూర్యోదయమును చూచి ఆనందింపనివాడు పల్లెవారికి చేయు ఉపకార మేమియు లేదు. వలవాడు కూడ ఆ సూర్యోదయమును చూచి ఆనందించును. ఇంతకన్న ఎక్కువగనే ఆనందించునేమో, రాత్రి గడచినదని. మేమాక్షేపించునది ఆనందమును కాదు. ఆ యానందమునుండి పుట్టు ఒక కోరికను. “ఈ పల్లె ఎప్పటికిని ఇట్లే యుండిన ఎంత బాగుండును!” అనునదే యా కోరిక.

ఇది నిర్దోషముగ కనబడును గాని మిక్కిలి క్రూరమైనది. ఆ పల్లె ఇట్లే యుండుట యనగా, రేవు లేకుండుట. రేవు లేకుండుట యనగా, మగవారు వేరావల్ పోవుట. మగవారు ఇంటనే యుండవలెనన్న పడవలు నిలుచు జెట్టీ కావలెను. ఐసు మర, డీజిలు, లారీలు, వేలపు పాటల కేకలు కావలెను. అనగా చప్పుడు కావలెను, కంపు కావలెను. నిశ్శబ్దమును ప్రేమించు యాత్రికుడును, బిడ్డల తండ్రి ఇంట నుండవలెనని కోరు ఇల్లాలును ఒకే తీరమున నిలిచి రెండు విరుద్ధమైన వరములను వేడుకొనుచున్నారు. అధికారులు ఎవరి మాట ఆలకింతురు? పత్రికలలో వ్రాయగలవాని మాట. మన యభిప్రాయము మన మూటలోనే యుండిన నష్టము లేదు. అది పదిమంది యభిప్రాయమై, ప్రణాళికయై, ఆ పల్లెను బొమ్మగ నిలుపదలచినప్పుడు మన చూపు వారి కూటికి అడ్డు వచ్చును.

అట్లని రేవు కట్టినంతనే సర్వము చక్కబడునని మేమనుటలేదు. విశాఖపట్టణమున 1970ల దశకములో బయటి రేవు నిర్మింపబడిన పిమ్మట, తీరము వెంబడి ఉత్తరమునకు సాగు ఇసుక అక్కడ నిలిచిపోవుటచే, రామకృష్ణా బీచి కోతకు లోనై, సముద్రమునుండి ఇసుక తోడి ఒడ్డున పోయవలసి వచ్చుచున్నది. ఒక యూరికి రేవు మరియొక యూరికి కోత కావచ్చును. కావున ఎక్కడ కట్టవలెను, ఎట్లు కట్టవలెనను ప్రశ్న కఠినమైనదే. కాని దానికి జవాబు చెప్పుటలో మొదటి హక్కు ఆ నీటిమీద బ్రదుకువారిదే గాని, ఆ నీటిని చూచి మురియువారిది కాదు. గాలి వాలును, నీటి రంగును చూచి చేప జాడ చెప్పగల వృద్ధుడు తన యొడ్డును గూర్చి చెప్పు మాటకు ఇంజనీరు పటము ప్రక్కన చోటుండవలెను.

మరి యొక దోషమున్నది. అది చూపులో కాదు, భాషలోనే దాగి యున్నది. చేపల వాసనను మనవారు నీచు వాసన యందురు. మాంసమును, చేపను కలిపి నీచు అనుటయు కలదు. ఆ మాటకు మూలమేదైనను, ‘నీచము’ అను మాటకు అది పక్కింటిదై కూర్చున్నది. చేప పళ్లెములో పడినప్పుడు రుచి. గంపలో నున్నప్పుడు నీచు! తినువానికి అంటని మైల తెచ్చినదాని కెట్లంటెను? బస్సులో చేపల గంపతో ఎక్కిన స్త్రీని చూచి ముక్కు మూసికొని దూరముగ జరుగు పెద్దమనిషి, ఆ మధ్యాహ్నమే పులుసు బాగున్నదని మెచ్చుకొనుట మన మెరుగనిది కాదు.

మహాభారత కథయే ఇందుకు సాక్ష్యము. సత్యవతి దాశరాజు ఇంట పెరిగినది, పడవ నడపినది, మత్స్యగంధి యని పేరు పడినది. వేదములను విభజించి భారతమును రచించెనని మన మెవరిని పూజింతుమో, ఆ వ్యాసుని కన్నతల్లి ఆమెయే. అనగా మన ఇతిహాసము ఒక పడవలో మొదలైనది. అయినను ఒక సంగతి గమనింపుడు. పరాశరుని వరముచే ఆమె మేని వాసన యోజన దూరము వ్యాపించు పరిమళముగ మారిన తరువాతనే శంతనుడు ఆమెను వలచెను. వాసన పోయిన తరువాత గౌరవించుట సులభమే. వాసన ఉండగనే గౌరవించుట నేర్చిననాడు మన సంస్కారము పూర్తియగును.

ఇక బేరము సంగతి. బసగృహమున గదికి చెప్పిన ధర చెప్పినట్లు చెల్లించువారు, ఒడ్డున చేపలమ్ము స్త్రీతో 20 రూపాయలకై అరగంట వాదింతురు. ఆమె ఆ చేపను వేలములో ఎంతకు పాడినదో, ఐసునకు ఎంత పెట్టినదో, ఎండలో ఎన్ని మైళ్లు నడచినదో అడుగువారు లేరు. బేరమాడుట తప్పు కాదు; అది సంతలో మాటామంతి. కాని పెద్దవానియెదుట మూగయై, పేదదాని యెదుట మాత్రమే వాచాలమగు పొదుపును పొదుపు అనరాదు.

దయకూడ ఇచ్చట పనికిరాదు. సంస్కారాభిమానులగు మన చదువరులకు ఈ హెచ్చరిక ముఖ్యము. కష్టము విన్నంతనే మనము అయ్యో యందుము. అయ్యో యనినంతనే మన బాధ్యత తీరినట్లు మనసు కుదుటపడును. ఇసుకమీద కూర్చుండి వల బాగు చేయుచున్న వృద్ధుడు దీనుడు కాడు. తెగిన కన్ను ఎక్కడనో వ్రేళ్లతోనే తెలిసికొని, చూడకయే ముడి వేయు విద్వాంసుడు. అలివి వలను ఒడ్డునుండి లాగునప్పుడు పదుల మంది ఒక్క ఊపిరిగ అడుగు వేయుట కావ్యములో చెప్పదగిన ఐకమత్యము. వారికి కావలసినది మన కన్నీరు కాదు, మన సాక్ష్యము. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పు సాక్షి న్యాయమునకు ఎంత అవసరమో, చూచి వచ్చినవాడు పల్లెకు అంత అవసరము.

ఈ ఋణము తీర్చుటకు దూరము పోనక్కరలేదు. మంచిర్యాల సంతకు వచ్చు చేప ఎవరి వలలోనిది? గోదావరిమీద శ్రీపాద ఎల్లంపల్లి ఆనకట్ట కట్టిన పిదప విస్తరించిన జలాశయమున వేకువజామున తెప్పలు, పుట్టులు వేసికొని తిరుగువారున్నారు. జలాశయము నిండినప్పుడు పొలము మునిగినవారు కొందరు, వల పండినవారు కొందరు. గేట్లెత్తినప్పుడు పోయిన చేపకు ఏడ్చువారు కొందరు. వంతెనమీదనుండి బస్సులో పోవుచు మనము వారిని చుక్కలవలె చూచి, నది ఎంత నిమ్మళముగ నున్నదందుము. సముద్రతీరమున నేర్చుకొనదగిన పాఠమును ఇంటివద్దనే నేర్చుకొనవచ్చును. ఇంటివద్ద నేర్చుకొననివాడు సముద్రతీరమునను నేర్చుకొనడు.

కావున పిల్లలతో కూడి ఏ పల్లెకైన పోవు గృహస్థులకు మా మనవి యిది. సంతోషముగ పొండు. అలలలో ఆడుకొనుడు. కాని పోయిన చోట ఒక్క గడియ కూర్చుండి, “ఈ యూరిలో ఇప్పుడు లేనివారెవరు?” అని అడుగుడు. అడుగునప్పుడు అధికారివలె నిలుచుండి అడుగకుడు. చుట్టమువలె కూర్చుండి అడుగుడు. చెప్పుటకు వారికి మనసు లేకున్న ఊరకుండుడు. చెప్పకుండుట కూడ వారి హక్కే. ఇంటి లోపలికి ఫోటో తీయవలెనన్న ఇంటివారి సెలవు తీసికొనుడు. చేపకు న్యాయమైన వెల యిండు. తిరిగి వచ్చిన తరువాత పొరుగువారు ఆ యూరెట్లున్నదని యడిగిన, సముద్రము మాత్రమే చెప్పి ఊరకుండకుడు. వేరావల్ మాట కూడ చెప్పుడు. రేవును గూర్చియో, వలసను గూర్చియో పత్రికలో వార్త వచ్చినప్పుడు పుట త్రిప్పివేయక చదువుడు. ఓటడుగవచ్చినవానిని ఆ సంగతి కూడ అడుగుడు.

ఇవి చిన్న పనులే. కాని చూపును న్యాయముగ మార్చునవి ఇట్టి చిన్న పనులే. నిశ్శబ్దమును విని ఆనందించుటకు చెవులు చాలును. దానిని చేసినవారిని, దానివలన నష్టపడినవారిని కనుగొనుటకు మనసు కావలెను. ఆ మనసు గల యాత్రికులు పెరిగిననాడు, మాఘమాసమున కూడ ఆ పల్లెలో మగవారి కేకలు వినబడు దినము త్వరగ వచ్చునని మా నమ్మకము. ఆనాడు ఎవరైన అచ్చటికి పోయి, “పూర్వపు ప్రశాంతత పోయినదే!” యని చింతించిన, వారి చింతకు మనము చింతింప నక్కరలేదు.